ఎవరి సంతకం వారిదే

బెల్‌ఫోర్డ్, దిగువపేట
1910 మే 3

ఎమిల్‌కి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. వారమంతా వాన. మిసిసిపి గట్టు దాకా వచ్చి మళ్ళీ తగ్గింది. నిన్న పాలబండి గుర్రానికి మెడపట్టా కుట్టి ఇచ్చాను. ఇవాళ కొట్లో పెద్దగా పని లేదు కనక రాస్తున్నాను.

ఓటింగు సంగతి నీకు పేపర్లో తెలిసే ఉంటుంది. మీ కొత్త పద్ధతి నెగ్గింది. పేటకొక మనిషి కూర్చునే పాత నగరసభ జూన్‌తో సరి. ఇకమీదట ఊరు మొత్తానికి అయిదుగురే. వాళ్ళని ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. దిగువపేట తరఫున పదేళ్ళు నేను కూర్చున్న కుర్చీ కూడా జూన్‌తో సరి. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

నువ్వు కొండమీద నాటకశాలలో ఉపన్యాసం ఇచ్చిన రోజు నేను వెనక వరసలో నిలబడి విన్నాను. బాగా మాట్లాడావు. "పేటకొక దొర, దొరకొక దుకాణం" అన్నప్పుడు హాలంతా నవ్వారు. పక్కనున్న బొగ్గు వర్తకుడు నన్ను మోచేత్తో పొడిచి, "మీ బావమరిదేగా వావ్రా, ఇంట్లోనూ ఇలాగే దంచుతాడా?" అన్నాడు. "మా ఇంట్లో భోజనం ముందు కూర్చుంటే వాడికి నోరు ఖాళీ ఉండదు" అన్నాను.

ఆ సాయంత్రం మీ అక్క బాతు వండింది. గసగసాల రొట్టె కూడా చేసింది. నువ్వు ఆఖరి రైలుకే వెళ్ళిపోయావని మర్నాడు స్టేషన్ మాస్టరు చెప్పాడు.

మీ అక్క నిన్ను అడిగినట్టు రాయమంది.

టొమాష్ వావ్రా


రాష్ట్ర రాజధాని
1910 మే 9

బావగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాతు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగిపోయాను. నేను దిగువపేటకి రాకుండా వెళ్ళిపోయిన మాట నిజమే. ఎందుకు రాలేదో మీకు తెలుసనుకున్నాను. పేటల దొరలు పోవాలని పొద్దున ఉపన్యాసమిచ్చి, సాయంత్రం ఒక పేట దొర ఇంట్లో బాతు తిన్నానంటే మర్నాడు పేపర్లు నన్ను నమిలేసేవి. మిమ్మల్ని కూడా. అక్కకి ఇది అర్థమయ్యేలా చెప్పండి.

మీమీద నాకు గౌరవం లేక కాదు. మీ కొట్లో తోలు కుట్టడం నేర్చుకుని, మీ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. కాని ఒకమాట చెప్పనివ్వండి. మన పేటకి ఫైర్ స్టేషన్ ఎలా వచ్చింది? ట్రాము కంపెనీకి వీధి ఇవ్వడానికి మీరు చెయ్యెత్తితే, స్టేషన్‌కి మిగతావాళ్ళు చెయ్యెత్తారు. స్టేషన్ కావలసినదే. దానికోసం ఒక వీధిని అమ్ముకోవలసిన అవసరం ఊరికి ఎందుకుండాలి? మేము మార్చాలంటున్నది ఆ బేరాన్నే.

కొత్త చట్టంలో మామూలు మనిషికి ఇంతకు ముందు లేని బలం ఉంది. పనికిరాని అధికారిని గడువు తీరకుండానే దింపెయ్యవచ్చు. నచ్చని ఉత్తర్వును సంతకాలు పోగుచేసి ఆపవచ్చు. నేను రాసిన కరపత్రం ఒకటి దీంతో పంపుతున్నాను, చదవండి. అయిదుగురిలో ఒకరిగా మీరే ఎందుకు నిలబడకూడదు?

కోపం ఉంటే దాచుకోకుండా రాయండి. మీరు రాయకపోవడం కంటే తిట్టడమే నాకు నయం.

మీ బావమరిది
ఎమిల్ కోపెట్స్కీ


బెల్‌ఫోర్డ్
1910 సెప్టెంబర్ 20

ఎమిల్‌కి,

నాకు కోపం లేదు. రాయవలసినది లేక రాయలేదు. ట్రాము సంగతి నువ్వు అన్నది నిజమే. ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే.

జూన్ ఎన్నికకి నేను నిలబడలేదు. కొత్త ఓటు కాగితం మీద పార్టీ గుర్తులు లేవు, పేర్లే ఉన్నాయి. ఒక ముసలాయన కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, "నా కోడిపుంజు ఏదీ?" అన్నాడు. గుమాస్తా, "ఇప్పుడు కోళ్ళూ గీళ్ళూ లేవు తాతా, పేరు చదువుకుని గీత పెట్టు" అన్నాడు. "పేరు చదవగలిగినవాడికి కోడితో పనేమిటయ్యా" అని ముసలాయన కాగితం మడిచి అక్కడే పెట్టి వచ్చేశాడు. అలా చాలామంది వచ్చేశారు. నెగ్గిన అయిదుగురూ కొండమీది పెద్దిళ్ళవాళ్ళే. చెడ్డవాళ్ళని చెప్పను. వీధుల చెత్త చెప్పిన వేళకి ఎత్తుతున్నారు. మునుపు అలా జరిగేది కాదు.

ఇప్పుడు రాయవలసిన పని పడింది. దిగువపేట ఫైర్ స్టేషన్ కొత్త సంవత్సరం నుంచి మూసెయ్యాలని నిన్న ఉత్తర్వు చేశారు. గుర్రాలనీ మంటలార్పే ఇంజన్నీ కొండమీది స్టేషన్‌లో కలుపుతారట. నేను వెళ్ళి ఎల్‌డ్రిడ్జ్ గారితో మాట్లాడాను. ఆ అయిదుగురిలో పోలీసు, ఫైర్ వ్యవహారాలు ఆయనవి.

"దూరం కొలిపించాం వావ్రా గారూ. ఇంజను మీ పేటకి దిగిరావడానికి ఎంతోసేపు పట్టదు" అన్నాడు.

"మధ్యలో రైలు పట్టాలున్నాయండి. గూడ్సు నిలబడితే ఇంజను అవతలే ఆగిపోతుంది."

"పట్టాల సంగతి మాకూ తెలుసు. దారికడ్డంగా గూడ్సు నిలపబోమని రైలు కంపెనీ వాళ్ళు మాటిచ్చారు."

"మాకూ ఏటేటా ఇస్తూనే ఉన్నారు" అన్నాను.

ఆయన నవ్వాడు, మర్యాదగానే. "మీరు మీ పేట సంగతి చూస్తారు. నేను ఊరంతా చూడాలి కదా" అన్నాడు. మన పేటలో ఇళ్ళన్నీ చెక్కవని నీకు తెలుసు. మూడేళ్ళ కిందట పీపాల కర్మాగారం అంటుకున్నప్పుడు గూడ్సు అడ్డంగానే ఉంది. మన ఇంజను ఇవతల ఉండబట్టి ఒక వరస ఇళ్ళు మిగిలాయి. అందులో మనది ఒకటి.

నీ కరపత్రంలో సంతకాలతో ఉత్తర్వు ఆపవచ్చని ఉంది. అది నిజంగా పనిచేస్తుందా, లేక ఉపన్యాసం మాటేనా? చెయ్యవలసినది వెంటనే రాయి. గడువు పది రోజులేనట.

మీ అక్క నిన్ను అడిగినట్టు రాయమంది.

టొమాష్


రాజధాని
1910 సెప్టెంబర్ 22

బావగారూ,

టపా బండి వెళ్ళిపోయేలోగా రాస్తున్నాను. నిజంగా పనిచేస్తుంది. అందుకే పెట్టించాం.

ఊరి ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలు కావాలి. మన పేట ఒక్కటే చాలదు, ఇటుకబట్టీల వైపు వాళ్ళని కూడా కలుపుకోండి. ప్రతి ఓటరూ తన పేరు తానే పెట్టాలి, పక్కన ఇంటి నంబరు వెయ్యాలి. ప్రతి కాగితం మీదా ఒకరు, ఇవి నా ఎదుట పెట్టినవే అని ప్రమాణం చెయ్యాలి. సంతకాలు చాలితే ఆ అయిదుగురు ఉత్తర్వు రద్దు చెయ్యాలి, లేదా ఊరి ఓటుకి పెట్టాలి. మూడో దారి లేదు.

నేను చెబుతూ వచ్చింది ఇదే బావగారూ. ఎవరికీ చెయ్యెత్తనక్కర్లేదు, ఎవరితోనూ బేరమాడనక్కర్లేదు.

ఎమిల్


రాజధాని
1910 అక్టోబర్ 6

బావగారికి,

ఈ పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి నా బల్లమీద మన ఊరి పేపరు మడతపెట్టి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. "దిగువపేటలో దొంగ సంతకాలు" అని పెద్దక్షరాలు. కాగితాల మీద పేర్లన్నీ ఒకే చేతివ్రాతట. అడుగున ప్రమాణం చేసింది మీరట. జిల్లా ప్లీడరు అబద్ధ ప్రమాణం కింద కేసు పెట్టాలా అని ఆలోచిస్తున్నాడట.

తన పేరు తానే పెట్టాలని నేను రాశాను. అంతకంటే తేలిక మాటల్లో ఎలా రాయాలో నాకు తెలియదు. ఒక మనిషి కూర్చుని పేటంతటి పేర్లూ బరబరా రాసి పారెయ్యడం పాత నగరసభ విద్య. పదేళ్ళ అలవాటు ఒక్క వేసవిలో పోదని నాకు తెలిసి ఉండవలసింది.

ఈ చట్టం పనికిరాదనేవాళ్ళు రాష్ట్రమంతటా ఇలాంటి ఒక్క పేపరు కోసమే కాచుకుని ఉన్నారు. దాన్ని వాళ్ళ చేతిలో పెట్టింది మా ఇంటి మనిషే. ఏం జరిగిందో రాయండి. అక్క ఎలా ఉందో కూడా రాయండి.

ఎమిల్


బెల్‌ఫోర్డ్
1910 అక్టోబర్ 9

ఎమిల్‌కి,

అడిగావు కనక రాస్తున్నాను.

మన సహాయక సంఘం హాల్లో మేజా వేశాం. నీ ఉత్తరాన్ని మన భాషలో నేనే చదివి వినిపించాను. "తన పేరు తానే" అన్నప్పుడు అందరూ తలూపారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి, ఎడమచెయ్యి మేజామీద పెట్టి, పేరు చెప్పారు. సంఘం పుస్తకం రాసే షీమెక్ గారే అందరి పేర్లూ రాశారు.

మన సంఘంలో ఎప్పుడు పేరు పెట్టినా ఇలాగే. మనవాళ్ళు బొహీమియా నుంచి ఈ దేశం వచ్చిన ఏడాదే ఈ పద్ధతి పెట్టుకున్నారు. దస్తూరి బాగున్న ఒక్కరు రాస్తారు, పేరుగలవాడు మేజామీద చెయ్యి పెట్టి నిలబడతాడు. చెయ్యి పెట్టిన తర్వాత ఆ మాట తప్పినవాణ్ణి నేను చూడలేదు. నీకు పద్దెనిమిదేళ్ళు నిండినప్పుడు నువ్వూ అలాగే నిలబడ్డావు. సంఘం పుస్తకంలో నీ పేరు షీమెక్ గారి చేతివ్రాతే. అది నీ సంతకం కాదని ఇన్నేళ్ళలో నువ్వు అనలేదు, నేనూ అనుకోలేదు.

పైగా ఇది కొండమీదికి వెళ్ళే కాగితం. ఇటుకబట్టీలో పనిచేసే హవెల్ కలం అడిగితే షీమెక్ గారే ఇవ్వలేదు. "నీ కోడిగీతలు చూసి కొండవాళ్ళు నవ్వుతారురా. చెయ్యి పెట్టు, చాలు" అన్నారు. హవెల్ చెయ్యి పెట్టాడు.

నగర గుమాస్తా కాగితాలు నా ముందు పరిచి, "ఇంత అందంగా దొంగతనం చేసినవాణ్ణి నేను చూడలేదు వావ్రా" అన్నాడు. "వాళ్ళంతా వచ్చారండి, నా ఎదుటే నిలబడ్డారు" అన్నాను. "నిలబడితే కాదయ్యా, రాయాలి" అన్నాడు. షీమెక్ గారు ఆ మాట విన్నప్పటి నుంచి హాలుకి రావడం లేదు.

సరిచేసుకోవడానికి ఇంకో పది రోజులు ఇచ్చారు. అది కూడా మీ చట్టంలోనే ఉందట. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఇటుకబట్టీలవాళ్ళు పేపరు చూసి భయపడి కొంతమంది రామన్నారు. అందుకని కొండమీద కూడా అడగాలి.

నువ్వు అన్నమాటలకి జవాబు తర్వాత రాస్తాను. ఇప్పుడు తీరిక లేదు. మీ అక్క బాగుంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

టొమాష్


రాజధాని
1910 అక్టోబర్ 12

బావగారూ,

మేజామీద చెయ్యి పెట్టడం నాకు గుర్తుంది. చలికాలం, మేజా మంచులా ఉంది. షీమెక్ తాత నా పేరులో మొదటి అక్షరానికి తోక తిప్పి, "నీ పేరు నీకంటే అందంగా ఉందిరా కోపెట్స్కీ" అన్నాడు. కరపత్రం రాస్తున్నప్పుడు అది ఒక్కసారి గుర్తొచ్చినా మీకు అదనంగా ఒక వాక్యం రాసి ఉండేవాణ్ణి.

ప్లీడరుకి సంఘం పద్ధతి గురించి వివరంగా రాశాను. కేసు దాకా వెళ్ళదనే అనుకుంటున్నాను. ఆదివారం రైలుకి నేనే వస్తాను. కొండమీద ఇంటింటికీ మీతో తిరుగుతాను. అక్కడ నా మాటకి విలువ ఉంది.

ఎమిల్


బెల్‌ఫోర్డ్
1910 అక్టోబర్ 14

ఎమిల్‌కి,

రావద్దు. చట్టం రాసినవాడే వచ్చి బావ తరఫున సంతకాలు పోగుచేశాడంటే మొన్నటి కంటే పెద్దక్షరాలు వేస్తారు. బాతు తినకుండా వెళ్ళిన రోజు నువ్వు ఆలోచించినదే నేనూ ఆలోచిస్తున్నాను.

టొమాష్


బెల్‌ఫోర్డ్
1910 అక్టోబర్ 24

ఎమిల్‌కి,

కాగితాలు పోయిన మంగళవారం ఇచ్చేశాం. ఇవాళ గుమాస్తా చాలినన్ని ఉన్నాయని ఒప్పుకున్నాడు. ఉత్తర్వును జనవరిలో ఊరి ఓటుకి పెడతారు. అందాకా స్టేషన్ తెరిచే ఉంటుంది.

చాలామందికి కలం పట్టే అలవాటు లేదు. కాగితం చూస్తేనే చెయ్యి బిగుసుకుపోతుంది. అందుకని కొట్లో మిగిలిన తోలుముక్కలూ, తోలు గుచ్చే ఆరలూ ఇచ్చి, ముందు తోలుమీద గీసుకోమన్నాను. పనిముట్టయితే చేతికి తెలుసు. హవెల్ తన పేరు ఎన్నిసార్లు గీశాడో, రెండు గుర్రాలకి సరిపడే తోలు పాడుచేశాడు. "సంఘం పుస్తకంలో నా పేరు ఇంతుండేది, ఇప్పుడు చూడు, మా ఆవిడంత అయింది" అన్నాడు. అతని భార్య అక్కడే ఉంది. ఆ రాత్రి అతనికి కూడు పుట్టిందో లేదో తెలియదు.

షీమెక్ గారి ఇంటికి నేనే వెళ్ళాను. "నా దస్తూరితో ఇంక పనేముంది?" అన్నారు. "మీ పేరు ఇంకా పెట్టలేదు కదా" అన్నాను. వచ్చారు. అన్ని సంతకాల్లోకీ ఆయనదే బాగుంది. అక్షరం కుదరని వాళ్ళ పక్కన నిలబడి చూపించారు గాని, కలం మాత్రం ముట్టుకోలేదు.

కొండమీదికి నేనొక్కణ్ణే వెళ్ళాను. మాట్లాడటం నాకు రాదు. జీనులు బాగుచేయించుకునేవాళ్ళ ఇళ్ళకే ముందు వెళ్ళాను. అద్దె గుర్రాల సాలవాడు నన్ను చూసి, "ఏం వావ్రా, ఇంక నీకు కుర్చీ లేదుగా, ఓట్లెందుకు?" అన్నాడు.

"ఓటు కాదు. సంతకం."

"దేనికి?"

"మా స్టేషన్ మూసేస్తే ఆ గుర్రాలూ ఇంజనూ కొండమీది స్టేషన్‌కే వస్తాయి. పేట అంటుకుంటే మీ ఇంజన్లన్నీ పట్టాల దగ్గర నిలబడి గూడ్సు చూస్తుంటాయి. అప్పుడు కొండమీద ఒక్క ఇంజనూ ఉండదు."

కాసేపు మీసం నమిలాడు. "ఇంతసేపు మాట్లాడతావని నాకు తెలియదే" అని సంతకం పెట్టాడు. తర్వాత తన పక్కింటికి తానే తీసుకెళ్ళాడు. కొందరు తలుపు వేసుకున్నారు. నా పదేళ్ళలో కొండమీద తలుపు తట్టడం ఇదే మొదలు. ఇదివరకు అవసరం పడలేదు.

మీ అక్క నిన్ను అడిగినట్టు రాయమంది.

టొమాష్


రాజధాని
1910 డిసెంబర్ 27

బావగారికి, అక్కకి,

పండగకి వద్దామనుకున్నాను. అక్టోబర్లో మీరు రావద్దన్నారు, తర్వాత ఉత్తరాల్లో రమ్మని లేదు. నేను రాసిన మాటల తర్వాత అది న్యాయమే అనుకుని ఉండిపోయాను. అక్క అడిగినట్టు మీరు ప్రతిసారీ రాస్తారు గాని, ఏమి అడిగిందో ఒక్కసారీ రాయరు. ఆవిడకి కూడా నామీద కోపమేనేమో. ఓటు సంగతి తెలియగానే ఒక్క ముక్క రాయండి.

ఎమిల్


బెల్‌ఫోర్డ్
1911 జనవరి 19

ఎమిల్‌కి,

స్టేషన్ మూయరు. మంగళవారం ఓటయింది. కొండమీద మూడు ఓటు పెట్టెల్లో రెండు మనకి ఎదురు పడ్డాయి. అద్దె గుర్రాల సాల దగ్గర పెట్టె మనకే పడింది. ఇటుకబట్టీలవాళ్ళు కూడా వచ్చి వేశారు. కాగితం మీద రాసింది చదివి గీత పెట్టేవాళ్ళు ఈసారి పేటలో ఎక్కువయ్యారు. ఎల్‌డ్రిడ్జ్ గారు కొట్టుకి వచ్చి చెయ్యి కలిపాడు. "ఊరే చెప్పింది కదా, మరేం చేస్తాం" అన్నాడు. వెళుతూ వెళుతూ తన గుర్రపు కళ్ళెం ఇచ్చి వెళ్ళాడు, కుట్టు విడిచింది.

దిగువపేటలో రెండు మలుపుల దగ్గర దీపాలు లేవు. మునుపైతే నా కొట్టుకి వచ్చి, "వావ్రా, దీపం సంగతి చూడు" అనేవాళ్ళు. ఈ వారం హవెల్, ఇంకొంతమంది వాళ్ళంతట వాళ్ళే కాగితం రాసుకుని, పేర్లు పెట్టుకుని నగరసభకి పట్టుకెళ్ళారు. నాకు మర్నాడు తెలిసింది. ఇప్పుడు కొట్టుకి ఎవరూ రావడం లేదు, జీనులకి తప్ప. పొద్దునంతా పని సాగుతుంది. మధ్యాహ్నం కాస్త ఖాళీగా ఉంటుంది. నువ్వు చెబుతూ వచ్చింది ఇదే కాబోలు. తప్పని అనను. అలవాటు కావాలి.

అక్టోబర్లో రావద్దన్నది సంతకాల కోసం, అంతే. ఇంటికి రావద్దని నేను రాయలేదు. ఇంటివాడికి వేరే పిలుపెందుకని రమ్మనీ రాయలేదు.

మీ అక్క అడుగున తానే రాస్తానంటోంది. తోలుముక్కల మీద ఆవిడ కూడా నేర్చుకుంది. కాగితం ఇచ్చేస్తున్నాను.

టొమాష్

తమ్ముడూ,

నా రాత వంకర. నవ్వితే నవ్వు. ఇన్నాళ్ళూ నేను పొయ్యి దగ్గర గంటసేపు చెబితే మీ బావ "అడిగినట్టు రాయమంది" అని ఒక్క ముక్క రాసేవాడట. నీ ఉత్తరం చదివించుకున్నాక తెలిసింది. నేను అడిగింది ఇది. ఎందుకు కొండమీంచే వెళ్ళిపోయావు. ఎప్పుడొస్తావు. ప్రతిసారీ ఇదే అడిగాను. బాతుని మేపుతున్నాను. వచ్చేటప్పుడు పట్టాలు దాటి కిందికి రా. గూడ్సు అడ్డముంటే ఆగు. అది కదులుతుంది.

రొజీనా వావ్రోవా
నేనే రాశాను